తేనె పూసిన జిన్ను

పొద్దున్నే పరగడుపున గోరువెచ్చటి నీళ్లలో అరచెక్క నిమ్మకాయ పిండి, చెంచాడు తేనె కలుపుకుని తాగితే ఒళ్లు తగ్గుతుందని నమ్మే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. తగ్గిన ఒళ్లు నేనైతే ఇంతవరకూ చూడలేదు. కానీ ఆ నమ్మకం పుణ్యమా అని ప్రతి వంటింట్లో ఒక తేనె సీసా, ఫ్రిజ్ తలుపులో నాలుగు నిమ్మకాయలు ఎప్పుడూ ఉంటాయి. ఆ గోరువెచ్చటి నీళ్లు తీసేసి 60 మిల్లీలీటర్ల జిన్ను, గుప్పెడు ఐసు ముక్కలు చేర్చండి. దాని పేరు బీస్ నీస్. ఆరోగ్యానికీ అనారోగ్యానికీ దూరం ఇంతేనా అని మా ఆవిడ అడిగింది. ఇంతే.

పేరుకు తేనెటీగ మోకాళ్లని అర్థం. 1920లలో అమెరికా కుర్రకారుకు ఏదైనా తెగ నచ్చితే సరదాగా అనే మాట అది. అంతకు మించి ఆ మోకాళ్లలో వెతకాల్సిందేమీ లేదు. వెతకాల్సింది తేనెలో.

జిన్నులో తేనె ఎందుకు పడిందన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. 1920 జనవరిలో అమెరికాలో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1933 డిసెంబరులో గానీ పోలేదు. తాగేవాళ్లు మానలేదు, చాటుకు వెళ్లారు. విస్కీకి రంగూ రుచీ రావాలంటే పీపాల్లో ఏళ్ల తరబడి ఊరాలి. దొంగ వ్యాపారికి అంత ఓపిక ఎక్కడిది? జిన్నుకు ఆ బాధ లేదు. ఎక్కడో సంపాదించిన స్పిరిట్‌లో నీళ్లు పోసి, నాలుగు చుక్కల జూనిపర్ నూనె వేసి, గొంతులో గరగర తెలియకుండా కాస్త గ్లిజరిన్ కలిపితే పొద్దుగూకేసరికి సరుకు తయారు. పొడుగాటి సీసాలు సింకు కొళాయి కింద పట్టక స్నానాల తొట్టి కొళాయి దగ్గర నింపేవారనీ, అందుకే దానికి బాత్‌టబ్ జిన్ అని పేరొచ్చిందనీ అంటారు. ఆ స్పిరిట్ చాలావరకు పరిశ్రమల కోసం తయారైనది. ఎవరూ తాగకుండా ఉండాలని ప్రభుత్వమే అందులో మిథైల్ ఆల్కహాల్ లాంటి విషాలు కలిపించేది. అయినా తాగారు. కొందరికి కళ్లు పోయాయి, చాలామందికి ప్రాణాలే పోయాయి.

అలాంటి సరుకు గొంతు దిగాలంటే పైన ఏదో ఒకటి పూయక తప్పదు. పంచదార నాలుకను ఏమారుస్తుంది. తేనె ముక్కును కూడా ఏమారుస్తుంది. నిమ్మరసం పులుపు మిగిలిన ఘాటును తన ఖాతాలో వేసుకుంటుంది. తేనె పూసిన కత్తి అని మనం మనుషుల గురించి అంటాం గానీ, నిజానికి ఆ మాట ఈ గ్లాసుకే ఎక్కువ నప్పుతుంది.

కథ బాగుంది. మరీ బాగున్న కథల్ని నేను కొంచెం పక్కకు జరిగి చూస్తాను. ఈ పానీయం ఆనవాళ్లు పట్టుకుని వెనక్కి నడిస్తే అవి షికాగో నేలమాళిగలకు కాకుండా పారిస్‌కు తీసుకెళతాయి. అక్కడి రిట్జ్ హోటల్లో 1921 నుంచి బారు నడిపిన ఫ్రాంక్ మేయర్, ఆస్ట్రియాలో పుట్టినవాడు, 1936లో వేసిన ‘ది ఆర్టిస్ట్రీ ఆఫ్ మిక్సింగ్ డ్రింక్స్’ అనే పుస్తకంలో ఇది ఉంది. అంతకు ముందు 1929 నాటి ఒక అమెరికన్ పత్రిక కథనం దీన్ని మార్గరెట్ బ్రౌన్ ఖాతాలో వేసింది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడి పేరుమోసిన సంపన్నురాలు ఆవిడ. ఆ రోజుల్లో పారిస్‌కు వస్తూ పోతూ ఉండేది. ఇద్దరిలో ఎవరు మొదలుపెట్టారన్న తగాదా నాకు అక్కర్లేదు. పారిస్‌లో నిషేధం లేదు. మంచి లండన్ జిన్ను బిల్లుతో సహా దర్జాగా దిగేది. దాచాల్సిన కంపేమీ లేని చోట జిన్నులో తేనె ఎందుకు వేసినట్టు? బాగుంటుందని వేశారు. అంతకంటే పెద్ద కారణం ఉండాల్సిన పని లేదు.

కానీ బాగుంటుందని వేశారన్న మాటలో కథ లేదు. పోలీసులు, దొంగ తలుపులు, విషపు జిన్ను ఉంటే కథకు రుచి వస్తుంది. అలా ఒక పానీయం చరిత్ర మీద కూడా చెంచాడు తేనె పడింది.

ఆ మాటకొస్తే దాపరికం జిన్నుకు పాత అలవాటే. 18వ శతాబ్దంలో చవక జిన్ను లండన్ పేదపేటల్ని ముంచెత్తితే పార్లమెంటు చట్టం మీద చట్టం చేసింది. 1751 నాటి చట్టం తర్వాత గానీ అది దారికి రాలేదు. అదే ఏడాది విలియం హోగార్త్ ‘జిన్ లేన్’ అనే చిత్రం అచ్చువేశాడు. మెట్ల మీద మత్తుగా కూర్చున్న తల్లి చేతుల్లోంచి పసిబిడ్డ తలకిందులుగా జారిపోతుంటుంది. ఆవిడ ముక్కుపొడుం పట్టుకునే పనిలో ఉంటుంది. అప్పటి సరుకులో జూనిపర్ బదులు టర్పెంటైన్ కలిపిన రోజులున్నాయి. ఆ మోటుతనం కప్పడానికే ఓల్డ్ టామ్ అనే తీపి జిన్ను పుట్టింది. ఆ మోటుతనానికి విరుగుడు కనిపెట్టినవాళ్లలో ఒకడు, నమ్మండి నమ్మకపోండి, ఎక్సైజు ఉద్యోగి. ఏనియస్ కాఫీ అనే ఐర్లండ్ అధికారి, సారా బట్టీల మీద దాడులు చేసీ చేసీ, 1830లో శుభ్రమైన స్పిరిట్‌ను ఏకధాటిగా దించే బట్టీకి తానే పేటెంటు తీసుకున్నాడు. స్పిరిట్ శుభ్రపడ్డాక తీపి అవసరం తీరిపోయింది. ఇప్పుడు మనం కొనే డ్రై జిన్ను ఆ దారిన వచ్చిందే.

ఆ డ్రై జిన్నులో ఏముంటుందో తెలిస్తే తేనెతో దాన్ని కప్పెయ్యడానికి మనసు రాదు. మొదటిది జూనిపర్, పండులా కనిపించినా నిజానికి దేవదారు జాతి చెట్లకు కాసే కాయలాంటిదే, కాకపోతే మెత్తగా కండపట్టి ఉంటుంది. నలిపితే పచ్చి కర్రా కర్పూరమూ కలిసిన వాసన. దాని తర్వాతి స్థానం దేనిదో చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ధనియాలది. సాంబారు పొడికి వేయించే ధనియాలే, ఇక్కడ వేయించకుండా వేస్తారు. అందుకే మంచి జిన్ను మూత తీయగానే ఎక్కడో తెలిసిన వాసన తగులుతుంది. ఇంకా ఏంజెలికా వేరు, నారింజ తొక్క, నిమ్మ తొక్క లాంటివి ఒక్కో కంపెనీ ఒక్కో పాళ్లలో వేసి మళ్లీ బట్టీ పెడతారు. 2017 తర్వాత గోవాలో మన దేశపు జిన్నులు కూడా వరసగా మొదలయ్యాయి. హిమాలయాల్లో దొరికే జూనిపర్‌తో చేసే హపుసా వాటిలో ఒకటి. విస్కీ, బ్రాందీ రాజ్యమేలే మన వైన్స్ షాపుల్లో జిన్ను ఇప్పటికీ పై అరలో దుమ్ము పట్టి ఉంటుంది. అడిగితే కౌంటరు కుర్రాడు, మేడమ్ కోసమా సార్ అంటాడు.

ఇక మన దాపరికం వేరే రకం. అమెరికావాళ్లు సరుకు రుచిని దాచారు. మనం తాగేవాణ్ణి దాస్తాం. సీసాకు పాత పేపరు, పేపరు మీద నల్ల కవరు. ఇంట్లో అయితే బీరువా మీద సూట్‌కేసు వెనక. పెళ్లికెళితే కారు డిక్కీలో. ఎవరైనా వచ్చేలోపు రెండు గుటకల్లో గ్లాసు ఖాళీ చేసి, తర్వాత సోంపు, వక్కపొడి, దొరికితే రెండు లేత జామాకులు నమలడం. ఈ పద్ధతిలో తాగినవాడికి తాను ఏం తాగాడో రుచి తెలిసే అవకాశం లేదు. తెలియాల్సిన అవసరమూ వాడికి లేదు. ఎక్కితే చాలు. మన దగ్గర మందు గురించి మాట్లాడేవాళ్లు రేటు గురించి, కిక్కు గురించి, మర్నాటి తలనొప్పి గురించి మాట్లాడతారు గానీ రుచి గురించి మాట్లాడగా అరుదుగా విన్నాను.

నిషేధం మనకూ కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది. ఆ రెండేళ్లూ గోదావరి జిల్లాల నుంచి, నిషేధం లేని యానాం వెళ్లే బస్సులకు ఎంత గిరాకీయో ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. నవ్వు సరే. దూబగుంట ఆడవాళ్ల కోపం మాత్రం నవ్వులాట కాదు. మొగుడి కూలి డబ్బులు ఇంటికి రాకుండా దారిలోనే ఆగిపోవడం మీద, ఒంటి మీద పడిన దెబ్బల మీద వచ్చిన కోపం అది. కాక్‌టెయిల్ గురించి ముచ్చట్లు చెప్పే నాలాంటివాడు ఆ మాట దాటేసి ముందుకు పోకూడదు. అలాగే, ఆ కోపాన్ని సాకుగా పెట్టుకుని చాటుమాటు తాగుడును సభ్యత అనుకోవడమూ తగదు. చాటున తాగేవాడు తక్కువ తాగడు, తొందరగా తాగుతాడు.

ఈ బీస్ నీస్‌తో ఉన్న చిక్కు అదే. చూడటానికి అచ్చం నిమ్మరసం. లేత పసుపు, కాస్త మబ్బుగా, పైన సన్నటి నురగ. మా బావమరిది మొదటిసారి చూసి, “ఏంటి బావా, దగ్గు మందా?” అన్నాడు. ఒక గుక్క తాగాక వాడి కళ్లు మెరిశాయి. “ఇది స్టీలు గ్లాసులో పోశావనుకో, అమ్మకి కూడా నిమ్మరసమే!” అన్నాడు. వంద డిక్కీలకు సరిపడా ఆశ వాడి మొహంలో. నేను గాజు గ్లాసులోనే పోసి హాల్లోకి తెచ్చాను. అత్తగారు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. గ్లాసు కేసి చూశారు, నా కేసి చూశారు. “అరకు నుంచి తెచ్చిన తేనె అందులో పోశారా బాబూ?” అన్నారు. ఆవిడ అభ్యంతరం జిన్ను మీద కాదు.

అభ్యంతరం న్యాయమైనదే. తేనె అంటే ఇప్పుడు ఏది తేనె? 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే, ఎన్ఎంఆర్ అనే కఠినమైన పరీక్ష దగ్గర మూడే నెగ్గాయి. మామూలు పరీక్షలకు దొరకకుండా ఉండేలా తయారుచేసిన పంచదార పాకాలు బజారులో ఉన్నాయని ఆ సంస్థ చెప్పింది. కంపెనీలు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. జిన్నును దాచడానికి తేనె, తేనెలో దాక్కున్న పాకం. నీళ్ల గ్లాసులో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి గీయడం లాంటి ఇంటి పరీక్షల్ని నమ్ముకుని లాభం లేదు. మరో పొరపాటు అభిప్రాయం కూడా ఉంది: గడ్డకట్టిందంటే చక్కెర కలిపారని. నిజానికి గడ్డకట్టడం తేనె స్వభావం. అందులో నీరు ఆరోవంతు కన్నా కాస్త ఎక్కువ, మిగతాదంతా దాదాపు చక్కెరలే. వాటిలో గ్లూకోజు చలికి పలుకు కడుతుంది. వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెడితే మళ్లీ కరుగుతుంది.

నేను ఇందులో వాడేది గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ వాళ్ల తేనె. 1956 నుంచి విశాఖ కేంద్రంగా ఉన్న సంస్థ అది. కొండల్లో, కొమ్మల్లో పెద్ద తేనెటీగలు పెట్టే పట్టు తేనె ముదురు రంగులో, కాస్త కారంగా, చివర్లో ఓ చిరుచేదుతో ఉంటుంది. ఆ చేదు జూనిపర్‌కు జోడీ. అరకులో వలిసె పూలు పూసే కాలంలో పెట్టెల్లో పెంచిన ఈగల తేనె దీనికన్నా సాధువు. నల్లమల చెంచులైతే తేనె కోసం కొండచరియల మీద నుంచి తాడుకు వేలాడుతూ దిగుతారు. పైన తాడు పట్టుకునేవాడు బావమరిదే అయ్యుంటాడని చెబుతారు. అన్నదమ్ముడి చేతికి ఇవ్వరట. బావమరిది బతక కోరతాడు, దాయాది చావు కోరతాడన్న సామెత మనందరికీ తెలిసిందే, వాళ్లు దాన్ని తాడుతో సహా పాటిస్తారు. ఈ మాట చెప్పాక మా బావమరిది రెండో గ్లాసు మరింత హక్కుగా అడిగాడు.

చేసే పద్ధతిలో ఒక్కచోటే మెలకువ ఉంది. తేనెను నేరుగా చల్లటి జిన్నులో వేస్తే కలవదు. ఐసు తగలగానే బిగుసుకుని అడుగున బంకలా అంటుకుంటుంది. పైన పులుపు, కింద తీపి, మధ్యలో ఒట్టి జిన్ను. అందుకని ముందే పల్చన చేసుకోవాలి. రెండు పాళ్ల తేనెకు ఒక పాలు నీళ్లు. నీళ్లు మరగాల్సిన పని లేదు, వేలు పెడితే ఓర్చుకునేంత వేడి చాలు. తేనెను వేడి చేయకూడదని ఆయుర్వేదం చెబుతుంది కదా అని అత్తగారు గుర్తుచేశారు. ఆవిడతో వాదన పెట్టుకోనక్కర్లేదు, మరిగిస్తే తేనెలో ముందు పోయేది పూల వాసనే. ఈ పల్చటి తేనెను ఫ్రిజ్‌లోనే ఉంచాలి. చిక్కటి తేనె ఏళ్ల తరబడి చెడదు కానీ, నీళ్లు తగిలాక అందులో నిద్రపోతున్న ఈస్టు లేస్తుంది. వారం పది రోజుల్లో వాడెయ్యండి.

నిమ్మ దగ్గర ఒక తేడా గమనించాలి. పాశ్చాత్యుల లెక్కలన్నీ పసుపుపచ్చటి పెద్ద లెమన్‌కు రాసినవి. మన గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి వచ్చేది పల్చటి తోలు కాగితపు నిమ్మ. దాని పులుపుకు పదునెక్కువ, వాసన కూడా వేరు. అందుకని వాళ్లు 22 మిల్లీలీటర్లన్న చోట నేను 18 దగ్గర ఆగుతాను. పిండేటప్పుడు గట్టిగా నలిపితే తొక్కలోని చేదు దిగుతుంది. ముందే పిండి దాచిన రసం పనికిరాదు. కొలతకు దగ్గు మందు సీసా మూత భేషుగ్గా పనికొస్తుంది, గీతలు దాని మీదే ఉంటాయి. కాబట్టి బావమరిది మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

జిన్ను 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 18, తేనె నీళ్లు 20. షేకరు కొననక్కర్లేదు. పాతకాలంలో రైలు ప్రయాణాలకు మంచినీళ్లు పట్టుకెళ్లిన స్టీలు మరచెంబు అటక మీద ఉండే ఉంటుంది, దించండి. మూత మర బిగుతుగా పడుతుందో లేదో మంచినీళ్లతో ముందు చూసుకోండి. ఐసు విషయంలో పిసినారితనం వద్దు. రెండు ముక్కలు వేస్తే అవి చల్లబరచకుండానే కరిగిపోతాయి, సగం చెంబు వేస్తే తక్కువ కరిగి ఎక్కువ చల్లబరుస్తాయి. ఐసు ఎక్కడ గడ్డకట్టిందో కూడా చూడాలి. అల్లంవెల్లుల్లి ముద్ద పక్కన రెండు వారాలున్న ట్రే నుంచి తీస్తే ఆ ముద్ద గ్లాసులో పలకరిస్తుంది. చెంబుకు తువ్వాలు చుట్టి పది పన్నెండు సెకన్లు గట్టిగా ఊపండి. చెంబు ఒళ్లంతా మంచు పట్టి వేళ్లు జివ్వుమంటాయి, లోపల ముక్కల చప్పుడు మొదట టంగుమని, తర్వాత మెత్తగా మారుతుంది. అప్పుడు ఆపాలి. టీ వడపోసే జాలిలోంచి చిన్న గాజు గ్లాసులోకి వంచండి. కరిగిన నీళ్లు కల్తీ కాదు. గ్లాసులో నాలుగో వంతు దాకా ఆ నీళ్లే ఉంటాయి, అవి లేకపోతే మింగలేం.

మొదటి గుక్కలో ఏం తెలియాలి? నిమ్మ ముందు, తేనె మధ్యలో, చివర్లో జూనిపర్ చలవ, ధనియాల పరిమళం. చివరిది తెలియకపోతే తేనె ఎక్కువైంది. చల్లదనం తీపిని అణిచిపెడుతుంది కాబట్టి గ్లాసు వెచ్చబడే కొద్దీ తేనె గొంతు పెంచుతుంది. అందుకే చిన్న గ్లాసు. తేనె తెలుస్తూ, జిన్నూ తెలుస్తూ ఉన్నప్పుడే ఇది పారిస్ పానీయం. జిన్ను మాయమైందంటే మనం మళ్లీ స్నానాల తొట్టి దగ్గరికి వెళ్లిపోయినట్టే, మంచి సరుకు ఖరీదు పెట్టి మరీ.

పైగా మాయమైన జిన్ను ఎక్కడికీ పోదు. మన దేశపు జిన్నులో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు. 60 మిల్లీలీటర్లంటే ఒక లార్జ్. నిమ్మరసంలా గుటకేస్తే పది నిమిషాల్లో రెండు లార్జ్‌లు లోపలికి పోతాయి, మనిషికి తెలియదు. కలిపినవాడికి మాత్రం తెలుసు, కాబట్టి లెక్క వాడిదే. ఎవరికిస్తున్నారో వాళ్లకు అందులో ఏముందో, ఎంతుందో చెప్పి ఇవ్వండి. అది తాగినవాళ్ల బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. స్టీలు గ్లాసులో పోయమని ఎవరడిగినా పోయకండి. ఇక మరచెంబును వేణ్ణీళ్లతో, మూత మరల సందుల్లోకి పీచు పోనిచ్చి తోమండి. అక్కడ తేనె మిగిలిందంటే తెల్లారేసరికి చీమలు బారుతీరి రాత్రి ఏం జరిగిందో ఇంటిల్లిపాదికీ చెప్పేస్తాయి.